గోడకు వేలాడే కుందేళ్ళు, కౌజులు, హంసలు: డచ్ వేట చిత్రాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత డచ్ బొమ్మలు చూడ్డం మొదలుపెట్టిన ఎవరికైనా పూల గుత్తులు, నిమ్మకాయ తొక్కలు, వెండి గిన్నెలు దాటగానే ఒక చోట కాలు ఆగుతుంది. ఒక కుందేలు వెనక కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడుతుంటుంది. పక్కన రెండు కౌజు పిట్టలు, ఒక వేట సంచి ఉంటాయి. ఇదెందుకు గీశారు, ఎవరు కొన్నారు, ఇంట్లో ఎలా పెట్టుకున్నారు అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

వేట స్టిల్ లైఫ్ అంటే సరిగ్గా ఏమిటి?

స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువుల్ని గీసిన బొమ్మ. వేటలో చంపిన జంతువులే అందులో ప్రధాన వస్తువైతే అది వేట స్టిల్ లైఫ్. కుందేలు, కౌజు, అడవి బాతు, ఫెజెంట్ అనే అడవికోడి లాంటి పక్షి, కొంగ జాతి పక్షులు, హంస, అప్పుడప్పుడు జింక కనిపిస్తాయి. వాటితోపాటు తుపాకీ, తుపాకీ మందు నింపుకునే కొమ్ము, వల, డేగ తలకు తొడిగే తోలు టోపీ, పిట్టల్ని పిలిచే ఈల లాంటి సామాను ఉంటుంది. వేట జరుగుతున్న దృశ్యం మాత్రం ఉండదు. పరుగులు, కుక్కల దాడి, గుర్రాలు వేరే రకం బొమ్మల్లో చూడాలి. ఇక్కడ వేట ముగిసింది, సరుకు ఇంటికొచ్చింది, వంటింటికి ఇంకా చేరలేదు.

డచ్ గణతంత్రంలో, అంటే ఇప్పటి నెదర్లాండ్స్‌లో, ఇవి ముఖ్యంగా 1650 నుంచి 1720 దాకా బాగా నడిచాయి.

డచ్ అని కొన్నిచోట్ల, ఫ్లెమిష్ అని కొన్నిచోట్ల ఉంటుంది. రెండూ ఒకటేనా?

కావు. ఇప్పటి బెల్జియంలో ఉన్న ఆంట్వెర్ప్ అప్పట్లో స్పెయిన్ పాలనలో ఉండేది. అక్కడి చిత్రకారులు ఫ్లెమిష్ వాళ్ళు. ఆమ్‌స్టర్‌డామ్, హేగ్, డెల్ఫ్ట్ వైపు వాళ్ళు డచ్ వాళ్ళు. వేట సరుకును పెద్ద కాన్వాసుల మీదకు ఎక్కించింది ముందు ఆంట్వెర్ప్ వాళ్ళే. ఫ్రాన్స్ స్నైడర్స్ (1579–1657) గీసిన వంటశాల బల్లల మీద జింక, అడవిపంది తల, నెమలి, రొయ్యలు, ద్రాక్ష అన్నీ కలిసి పొంగిపొర్లుతుంటాయి. అతనే ఆంట్వెర్ప్‌లో పేరుమోసిన చిత్రకారుడు రూబెన్స్ బొమ్మల్లో జంతువులు కూడా గీసి పెట్టేవాడు. అతని తర్వాత యాన్ ఫైట్ (1611–1661) అదే ఊళ్ళో బొచ్చు, ఈకలు గీయడంలో ఇంకా సున్నితంగా వెళ్ళాడు.

డచ్ వాళ్ళు ఆ గుంపును తగ్గించారు. ఒక గోడ, ఒక మేకు, ఒక పక్షి. లేదా పాలరాతి బల్ల అంచు, దాని మీద నాలుగు ప్రాణులు. నా మటుకు నాకు స్నైడర్స్ బొమ్మ ముందు కళ్ళు అలిసిపోతాయి. డచ్ బొమ్మ ముందు కళ్ళు నిలబడతాయి.

ఇవి కొనుక్కున్నది వేటగాళ్ళా?

ఈ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. 17వ శతాబ్దపు హాలండ్‌లో వేట అందరి హక్కు కాదు. కుందేళ్ళు, జింకలు, హంసల్లాంటి వాటిని వేటాడే హక్కు ప్రధానంగా కులీన వంశాలది. ఎవరు వేటాడొచ్చు, ఏ కాలంలో, ఎన్ని కుక్కలతో అన్నవాటికి చట్టాలుండేవి. అడవుల మీద, వేట మీద నిఘా పెట్టే అధికారులు ఉండేవాళ్ళు. దొంగ వేటకు శిక్షలుండేవి.

అదే సమయంలో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల చేతిలో డబ్బు పోగుపడింది. ఓడలు, ధాన్యం, మసాలా, గుడ్డలు, వడ్డీ వ్యాపారం. 1648లో స్పెయిన్‌తో సంధి కుదిరాక వేసవి గడపడానికి ఆమ్‌స్టెల్, వెఖ్ట్ నదుల ఒడ్డున తోటలు, బంగళాలు కట్టుకోవడం ఎక్కువైంది. వాళ్ళలో కొందరు పల్లెల్లో జమీలాంటి హక్కులున్న భూములు కొన్నారు. వాటితోపాటు బిరుదు, కొన్నిచోట్ల వేట హక్కు కూడా వచ్చేవి. అంత స్తోమత లేనివాళ్ళకు గోడ మీద వేట చిత్రం దొరికేది.

మన దగ్గర పాత జమీందారు బంగళాల్లో హాలు గోడకు దుప్పి కొమ్ములు వేలాడదీసినట్టే ఇదీ. కాకపోతే ఒక తేడా ఉంది. ఆ కొమ్ములు వేటాడినవాడి ఇంట్లో ఉండేవి. ఈ బొమ్మ కొన్నవాళ్ళలో చాలామందికి ఆ కుందేలును వేటాడే అనుమతే లేదు. వేట మాంసం వాళ్ళ ఇంటికి కులీన మిత్రుల నుంచి బహుమతిగా వచ్చేది. కుందేలు పంపడమంటే స్నేహాన్నీ, హోదానీ కలిపి పంపినట్టే.

బొమ్మలో వేటగాడు ఎందుకు కనిపించడు?

పై జవాబుకే ఇది కొనసాగింపు. బొమ్మలో ఒక మనిషి ముఖం పెడితే ఆ వేట అతనిదవుతుంది. ముఖం లేకపోతే బొమ్మ ఎవరింట్లో ఉంటే వేట వాళ్ళది. తుపాకీ ఆనించి ఉంటుంది, సంచి విప్పి ఉంటుంది, కుక్క ఇంకా వాసన చూస్తుంటుంది. మనిషి ఇప్పుడే లోపలికెళ్ళినట్టుంటుంది. ఆ ఖాళీలో నిలబడే చోటు బొమ్మ యజమానిది. ఈ చిత్రాల గురించి ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఈ ఖాళీని గుర్తుపెట్టుకోమంటాను. ముందు చనిపోయిన జంతువును చూస్తాం. ఎవరు చంపారని వెతుకుతాం. ఎవరూ ఉండరు.

మరి వేలెడంత పిట్టలు కూడా ఎందుకున్నాయి? వాటినీ తినేవాళ్ళా?

తినేవాళ్ళు. ఫించ్ (పిచ్చుకంత పాట పిట్ట) లాంటి చిన్న పిట్టల్ని పట్టడం మీద ఆంక్షలు తక్కువ. హార్లెమ్ దగ్గర సముద్రతీరపు ఇసుక దిబ్బల్లో, శరదృతువులో గుంపులుగా వలసపోయే పిట్టల్ని పట్టడానికి ప్రత్యేకంగా మడులు ఏర్పాటు చేసేవాళ్ళు. నేల మీద వలలు పరిచి, పంజరంలో కట్టేసిన పిట్టతో కూయించి, దాని పిలుపుకు దిగిన గుంపు మీద వల లాగేవాళ్ళు. ఇది నగరాల ధనికులకు ఇష్టమైన కాలక్షేపం. పెద్ద వేట దక్కనివాళ్ళకు ఇది దక్కింది. కాబట్టి ఒక బొమ్మలో పంజరం, ఈల, చిన్న వల, నాలుగు ఫించ్ పిట్టలు కనిపిస్తే అది ఈ దిబ్బల వేట అని అనుకోవచ్చు. హేగ్‌లో పనిచేసిన యోహానెస్ లేమన్స్ ఇలాంటి సామానును తెల్లగోడకు తగిలించినట్టు నిలువెత్తు సైజులో గీశాడు. దూరం నుంచి చూస్తే నిజంగానే పంజరం వేలాడుతోందని పొరపడతాం.

డేగల వేట దీనికి పూర్తిగా వేరు, అది రాచ వ్యవహారం. దక్షిణాన ఉన్న వాల్కెన్స్‌వార్డ్ అనే ఊరివాళ్ళు వలస డేగల్ని పట్టి, మచ్చిక చేసి యూరప్ రాజాస్థానాలకు అమ్మేవాళ్ళు. ఖౌడాకు చెందిన క్రిస్టోఫెల్ పియర్సన్ గోడ గూట్లో డేగ వేట సామాను మాత్రమే పెట్టి గీసిన బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో చనిపోయిన ప్రాణి అవసరమే రాలేదు.

ముఖ్యంగా ఏ చిత్రకారుల పేర్లు తెలుసుకోవాలి?

నలుగురు చాలు, మొదలుపెట్టడానికి.

యాన్ బాప్టిస్ట్ వేనిక్స్, 1621లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. కొన్నేళ్ళు రోమ్‌లో ఉండి వచ్చాడు. నలభై ఏళ్ళు నిండకుండానో, నిండుతుండగానో పోయాడు. ఇటలీ శిథిలాలు, ఓడరేవులు గీసే ఈయన చివరి దశలో గీసిన కొన్ని పక్షులు మాత్రం ఎవరూ మర్చిపోలేనివి.

ఆయన కొడుకు యాన్ వేనిక్స్, 1719లో చనిపోయాడు. తండ్రి దగ్గర మొదలైనదాన్ని పెద్ద పరిశ్రమగా మార్చింది ఇతనే. ముందు వేట సరుకు, వెనక పాలరాతి కుండ, ఇంకా వెనక తోట, సాయంత్రపు ఆకాశం. ఈ అమరిక చూడగానే వేనిక్స్ అనొచ్చు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉండే పాలటినేట్ ప్రాంతపు ప్రభువు యోహాన్ విల్‌హెల్మ్, కొలోన్ దగ్గర బెన్స్‌బర్గ్‌లో కట్టించిన వేట భవనం కోసం 18వ శతాబ్దం మొదటి ఏళ్ళలో ఇతనితో గదుల గోడలు నింపే చిత్రాల వరుస గీయించాడు. పూల చిత్రాలకు పేరుపడ్డ రాఖెల్ రౌష్‌ను ఆస్థాన చిత్రకారిణిగా పెట్టుకున్నదీ ఆ ప్రభువే.

విల్లెమ్ వాన్ ఆల్స్ట్, 1627లో డెల్ఫ్ట్‌లో పుట్టాడు. ఫ్లోరెన్స్‌లో మెదిచీ ప్రభువుల దగ్గర పనిచేసి 1656 ప్రాంతంలో తిరిగొచ్చాడు. ఆ తర్వాత కూడా సంతకం ఇటలీ పద్ధతిలో గుల్యెర్మో అని చేస్తూనే ఉన్నాడు. నీలి వెల్వెట్ వేట సంచి, బంగారు జరీ అంచు, దాని మీద వాలిన కౌజు రెక్క అతని ముద్ర. రోమ్‌లోని డచ్ చిత్రకారుల సంఘం ఇతనికి పెట్టిన ముద్దుపేరు పిట్టల్ని తోలే దిష్టిబొమ్మ.

నాలుగోవాడు మెల్ఖియార్ డొందెకూటర్ (1636–1695), తండ్రి వేనిక్స్‌కు మేనల్లుడు. బతికున్న పక్షుల బొమ్మలకే ఎక్కువ పేరు, కానీ వేట చిత్రాలూ గట్టిగా గీశాడు.

ఒక్క బొమ్మే చూడగలిగితే ఏది చూడమంటారు?

హేగ్‌లోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న తండ్రి వేనిక్స్ కౌజు. 1650–52 నాటిది. కొడుకు రాజభవనాలకు గీసిన కాన్వాసులన్నిటికన్నా ఈ చిన్న బొమ్మే గొప్పదని నా అభిప్రాయం.

బొమ్మలో ఉన్నది ఇంతే: సున్నం గోడ, ఒక మేకు, మేకుకు ఒక కాలితో వేలాడే బూడిదరంగు కౌజు. తల కిందికి. రెక్క దాని బరువుకు అదే విచ్చుకుని పక్కకు జారింది. పక్షి అసలు సైజులోనే ఉంది.

ముందు రెక్కను చూడండి. పైన గోధుమ రంగు ఈకల్లో ఒక్కోదానికి మధ్య ఈనె వెంట పాలిపోయిన గీత ఉంటుంది. చిత్రకారుడు ప్రతి ఈకకూ ఒకే రకమైన గీత లాగలేదు. వెలుగు పడ్డచోట తేటగా ఉంది, నీడలోకి వెళ్ళేకొద్దీ మాయమైంది. పొట్ట దగ్గర మెత్తటి ఈకలకు అంచే లేదు, తడి రంగు మీద తడి రంగు రాసి కలిపేశాడు. ఆ తర్వాత గోడను చూడండి. ఖాళీ గోడ అనుకుంటాం, కానీ గరుకుదనం, పాత మరకలు, పక్షి నీడ అన్నీ అక్కడున్నాయి. నీడ ఉంది కాబట్టే పక్షి గోడ నుంచి విడివడి మన వైపు వచ్చింది. వేటకు సంబంధించిన ఆడంబరం ఒక్కటీ లేదు. ఆ పక్షి మీద పెట్టినంత శ్రద్ధ బతికున్న మనుషుల చిత్రాల్లో కూడా చాలాసార్లు కనిపించదు.

కుందేలు బొచ్చు అంత నిజంగా ఎలా వచ్చింది?

వెంట్రుక వెంట్రుకా గీయడం వల్ల కాదు. దగ్గరగా జూమ్ చేస్తే చాలాచోట్ల బొచ్చు అసలు వెంట్రుకలుగా ఉండదు. ముందు గోధుమ, బూడిద కలిసిన వెచ్చని పూత. అది ఆరకముందే ముదురు రంగు, లేత రంగు ఒకదాంట్లోకి ఒకటి తోసేవాళ్ళు. ఆరాక సన్నటి కుంచెతో చెవి అంచున, పొట్ట మలుపులో, మీసాల దగ్గర మాత్రమే విడివిడి వెంట్రుకలు. కొందరు తడి రంగులో కుంచె వెనక కొసతో గీరేవాళ్ళు. మిగతాది మన కన్నే పూరించుకుంటుంది.

కుందేలును వెనక కాలితో వేలాడదీయడంలో కూడా లెక్కుంది. వేట మాంసం మెత్తబడాలంటే కొన్నాళ్ళు వేలాడదీసి ఉంచడం అక్కడి వంటిళ్ళ పద్ధతి. చిత్రకారుడికి దాంతో ఇంకో లాభం వచ్చింది. వీపు ముదురు గోధుమ, పొట్ట దాదాపు తెలుపు. తలకిందులుగా తిప్పితే ఆ తెల్లటి పొట్ట మీద వెలుగంతా పడుతుంది, మసక బొమ్మ మధ్యలో దీపం పెట్టినట్టు. కింద ముక్కు దగ్గర ఒక్క రక్తపు చుక్క. యాన్ వేనిక్స్ కుందేళ్ళలో ఈ అమరిక పదే పదే వస్తుంది.

గీస్తుండగా అవి కుళ్ళిపోవా?

వేట కాలం శరత్తు, చలికాలం. మంట వెయ్యని గదిలో జంతువు కొన్ని రోజులు నిలుస్తుంది. అయినా పెద్ద కాన్వాసుకు నెలలు పడుతుంది కాబట్టి ఎవరూ అంతా ఎదురుగా పెట్టుకుని గీయలేదు. ముందుగా గీసి పెట్టుకున్న స్టడీలు, అంటే నమూనా బొమ్మలు, వాడేవాళ్ళు. అందుకే ఒకే చిత్రకారుడి వేర్వేరు బొమ్మల్లో ఒకే భంగిమలో అదే పక్షి, అదే కుందేలు మళ్ళీ కనిపిస్తుంది.

ఈగ, గడియారం, ఎండిన ఆకు వీటికి రహస్య అర్థాలున్నాయా?

కొన్నిచోట్ల ఉన్నాయి. చూసినవాడికి మృత్యువు గుర్తుకురావడం ఆ కాలపు క్రైస్తవ ఆలోచనలో సహజం. వాన్ ఆల్స్ట్ 1661లో గీసిన ఒక వేట చిత్రం వాషింగ్టన్‌లో ఉంది. అందులో రాతి బల్ల అంచున శిల్పంలా వేట దేవత డయానా, ఆక్టియాన్‌ల పురాణ కథ గీశాడు. వేటకెళ్ళిన ఆక్టియాన్ స్నానం చేస్తున్న దేవతను చూసినందుకు దుప్పిగా మారిపోతాడు. అతని కుక్కలే అతన్ని చీల్చేస్తాయి. చచ్చిన పక్షుల కింద ఈ కథ పెట్టడం యాదృచ్ఛికం కాదు.

అలాగని ప్రతి ఆకులోనూ ఉపదేశం వెతకొద్దు. కొన్నవాళ్ళకు ముందు కావలసింది గోడకు అందం, ఇంటికి హోదా.

హంస ఎందుకు అంత తరచుగా వస్తుంది?

హంసల్ని ఉంచుకోవడం, పట్టడం కులీనుల ప్రత్యేక హక్కు. దానికి మించిన గుర్తు లేదు. యాన్ వేనిక్స్ 1685 ప్రాంతంలో గీసిన ఒక బొమ్మలో చచ్చిన హంస ముందు భాగాన్నంతా ఆక్రమిస్తుంది, వెనక ఎస్టేటు కనిపిస్తుంది. చిత్రకారుడికి ఇంకో ఆకర్షణ కూడా ఉంది. తెలుపును తెలుపు లాగే ఉంచుతూ దాంట్లో నీలం, బూడిద, పసుపు నీడలు పలికించడం చాలా కష్టం. చేతనైనవాడు చూపించుకోకుండా ఉండడు.

డచ్ చిత్రకారుల్లో అందరికన్నా ప్రసిద్ధుడైన రెంబ్రాంట్ ఇలాంటివి గీశాడా?

రెండే చెప్పుకోదగ్గవి, రెండూ 1639 ప్రాంతానివి. డ్రెస్డెన్‌లో ఉన్న బొమ్మలో తనే చేయి పైకెత్తి బిటర్న్ అనే కొంగ జాతి పక్షిని పట్టుకుని నిలబడతాడు. వెలుగంతా పక్షి ఈకల మీద, తన ముఖం నీడలో. వేటగాడు కనిపించని ఈ చిత్రాల మధ్య ఇది అరుదైనది, అందులోనూ అతను వెనక్కే తగ్గాడు.

రెండోది ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. రెండు చచ్చిన నెమళ్ళు, ఒకటి కాళ్ళతో వేలాడుతూ, ఇంకొకటి అరుగు మీద. దాని కింద రక్తం చేరింది. కిటికీ లోంచి ఒక చిన్నపిల్ల వాటిని చూస్తోంది. అప్పట్లో ధనికుల విందుల్లో నెమలి మాంసాన్ని పిండి పొరలో పెట్టి కాల్చి (దాన్ని ‘పై’ అంటారు), దాని మీద నెమలి తలా ఈకలూ అలంకరించేవాళ్ళు. ఆ పిల్ల ముఖంలో భయం లేదు, జాలి కూడా పైకి కనిపించదు. చూస్తోంది, అంతే.

నేను శాకాహారిని. నెమలిని అలా చూడలేకపోతున్నాను. నాలో ఏదైనా లోపమా?

ఏ లోపమూ లేదు. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి, 1972 చట్టం నుంచి వన్యప్రాణుల వేట మన దేశంలో నేరం. ఆ కళ్ళతో చూస్తే ఇబ్బంది కలగడమే సహజం. ఆ ఇబ్బందిని పక్కకు నెట్టి రంగుల్ని మెచ్చుకోమని ఎవరైనా అంటే వినకండి. ఈ బొమ్మలకు బలం వచ్చిందే అక్కణ్ణుంచి: చిత్రకారుడు చావును అందంగా చూపించాడు, కానీ దాచలేదు. చూడలేకపోతే తండ్రి వేనిక్స్ కౌజుతో మొదలుపెట్టండి. అందులో రక్తం లేదు.

కొన్ని బొమ్మల్లో ఆకులు నీలంగా ఎందుకున్నాయి?

అవి మొదట పచ్చగానే ఉండేవి. నీలం మీద మొక్కల నుంచి తీసిన పసుపు పూసి ఆకుపచ్చ తెచ్చేవాళ్ళు. వెలుతురుకు ఆ పసుపు వెలిసిపోయింది, నీలం మిగిలింది.

అప్పట్లో ఈ చిత్రకారులకు గౌరవం ఉండేదా?

డబ్బు ఉండేది. పండితుల గౌరవం తక్కువ. రెంబ్రాంట్ శిష్యుడు సామ్యూల్ వాన్ హోఖ్‌స్ట్రాటెన్ 1678లో అచ్చువేసిన పుస్తకంలో స్టిల్ లైఫ్ గీసేవాళ్ళను కళాసైన్యంలో మామూలు సిపాయిలన్నాడు. చరిత్ర, పురాణ కథలు గీసేవాళ్ళే సేనాపతులన్నమాట. ఆ తీర్పు అన్యాయం. ఆ సేనాపతుల బొమ్మల్లో చాలా వాటి ముందు ఇప్పుడు ఎవరూ ఆగడం లేదు.

తెలుగు నేలకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

చిత్రకళ ద్వారా నేరుగా లేదు, డబ్బు ద్వారా ఉంది. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ కొద్ది ఏళ్ళలోనే గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నంలో కొఠీ (వర్తక స్థావరం) పెట్టింది. కోరమండల్ తీరంలో నేసి, అద్దకం వేసిన నూలు గుడ్డలు ఇక్కణ్ణుంచి ఇండోనేషియా దీవులకు వెళ్ళేవి. ఆ గుడ్డలిచ్చి మసాలా దినుసులు కొనేవాళ్ళు. ఆ మసాలా ఆమ్‌స్టర్‌డామ్‌లో లాభమయ్యేది. భీమునిపట్నంలో డచ్ వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వెఖ్ట్ ఒడ్డున బంగళా కట్టుకుని వేట చిత్రం వేలాడదీసిన వర్తకుల సంపదలో మన నేతగాళ్ళ, అద్దకపువాళ్ళ చెమటకూ భాగముంది. ఆమ్‌స్టర్‌డామ్ మేయరు, ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన నికొలాస్ విట్సన్ గోల్కొండలో గీసిన చిన్న చిత్రాల ఆల్బమ్ కూడా సంపాదించాడు. అది ఇప్పుడు రైక్స్‌మ్యూజియంలోనే ఉంది.

ఈ రకం బొమ్మలు ఎందుకు ఆగిపోయాయి?

డచ్ సంపద మందగించింది, ఇళ్ళ అలంకరణ అభిరుచి మారింది, యాన్ వేనిక్స్ స్థాయి వారసుడు రాలేదు. అతని శిష్యుడు డిర్క్ వాల్కెన్‌బర్గ్ బాగా గీశాడు కానీ గురువు దారి దాటలేదు. తర్వాతి అడుగు ఫ్రాన్స్‌లో పడింది. అక్కడి చిత్రకారుల్లో ఊద్రీ రాజుల వేటకు గీశాడు. షార్దాఁ ఒక్క కుందేలుతో, ఒక్క సంచితో, తండ్రి వేనిక్స్ లాంటి నిశ్శబ్దానికి తిరిగి వెళ్ళాడు.

ఇంట్లో కూర్చుని చూడాలంటే ఎలా?

రైక్స్‌మ్యూజియం తన బొమ్మల్ని పెద్ద సైజులో ఉచితంగా ఇస్తుంది, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ కూడా అంతే. మారిట్స్‌హౌస్ వెబ్‌సైట్‌లో కౌజు బొమ్మ దొరుకుతుంది. లండన్ వెళ్ళేవాళ్ళు వాలెస్ కలెక్షన్ వదలకండి, యాన్ వేనిక్స్ బొమ్మలు అక్కడ చాలా ఉన్నాయి, ప్రవేశం ఉచితం. మ్యూనిక్ వెళ్తే బెన్స్‌బర్గ్ కోసం గీసిన చిత్రాలు బవేరియా ప్రభుత్వ సేకరణలో ఉన్నాయి, ఏవి ఎక్కడ పెట్టారో ముందుగా చూసుకుని వెళ్ళండి. ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద చూడండి. ముందు పూర్తి బొమ్మ, తర్వాత రెక్క, ఆ తర్వాత గోడ మీద నీడ.